ఆకుపచ్చ గుడ్డ

జెండా పిన్ని నీలం గుడ్డను దండేనికి తగిలించి, గాలికి ఎగిరిపోకుండా రెండు క్లిప్పులు పెట్టింది. ఎదురుగా ఇరుకు రోడ్డు, అవతల బట్టలు కుట్టే ఫ్యాక్టరీ కిటికీలు. తల్లులు పిన్ని దగ్గర వదిలి వెళ్లిన ఒక్కో బిడ్డకు ఒక్కో రంగు. తన బిడ్డ రంగు కనబడగానే తల్లి మిషను ఆపి, రోడ్డు దాటి వచ్చి, పాలిచ్చి వెళ్తుంది. వెళ్తూ గుడ్డ తనే దించుతుంది. ఫోన్లు గేటు దగ్గరే లాక్కునే చోట ఇంతకన్నా మంచి ఉపాయం ఏముంటుంది?

మేడమీద ఆమె రేకుల గదిలో రోజూ నలుగురైదుగురు పసివాళ్లు. మోకాళ్లు పట్టేసినా, మెట్లెక్కితే ఆయాసం ముంచుకొచ్చినా నోరు మాత్రం తగ్గదు. ఒకప్పుడు తనూ ఆ ఫ్యాక్టరీలోనే కాజాలు కుట్టింది. కూతురు ఈ వీధిలోనే గుక్కపట్టి ఏడుస్తుంటే కబురు చెప్పే దిక్కు లేదు. రవిక తడిసేది, మిషను ఆగేది కాదు. ఆ కడుపుమంట ఇంకా చల్లారలేదు.

పొద్దున కాలర్లు కుట్టే పిల్ల మూడు నెలల బిడ్డను అప్పగిస్తూ కళ్లనీళ్లు పెట్టుకుంది. పురిటి సెలవు అయ్యాక ఇదే మొదటి రోజు.

"సూపర్‌వైజరు మధ్యలో పంపనంటున్నాడు పిన్నీ. డబ్బాపాలు అలవాటు చెయ్యమంటున్నాడు."

"వాడెవడే చెప్పడానికి? వాడేమన్నా చంకనేసుకుని పెంచుతాడా? కిటికీ పక్క మిషను అడుగు. ఆకుపచ్చ గుడ్డ కనబడగానే లేచి వచ్చెయ్. తక్కినవాళ్లు లేరూ నీ వెనకాల!"

మధ్యాహ్నం ఆ బిడ్డ లేచి పిడికిలి చీకడం మొదలుపెట్టింది. పిన్ని ఆకుపచ్చ గుడ్డ వేసింది. ఎడమ చెయ్యి ఎందుకో లాగుతోంది. దాన్ని విదిలించి, బిడ్డను భుజాన వేసుకుని పిట్టగోడ దగ్గర నిలబడింది.

కిటికీలో పిల్ల లేచింది. సూపర్‌వైజరు అడ్డం నిలబడ్డాడు. పిల్ల తల దించుకుని మళ్లీ కూర్చోబోయింది.

"కూర్చున్నావంటే చంపుతా," అని గొణిగింది పిన్ని.

అంతలో పక్క మిషను మీది ఆవిడ లేచింది. ఆ వెనక మరొకామె. చూస్తుండగానే వరసంతా లేచి నిలబడింది.

"అద్గదీ!" పిన్ని పకపకా నవ్వింది. నవ్వుతూనే గోడకు చేరగిలబడి, బిడ్డను ఒళ్లో సర్దుకుని కూర్చుంది.

పిల్ల ఒగరుస్తూ పరిగెత్తుకొచ్చింది. బిడ్డను అందుకుని రొమ్ముకు పట్టించింది.

"చూశావా పిన్నీ? వాడి మొహంలో నెత్తురుచుక్క లేదు! నోరు మూసుకుని పక్కకు తప్పుకున్నాడు. ఇక రోజూ వస్తా. విన్నావా?"

పిన్ని పలకలేదు. మొహం మీద నవ్వు అలాగే ఉంది. పిల్ల ఆమె చెయ్యి పట్టుకుని కదిపింది. అది బరువుగా జారి నేలమీద పడింది. పిల్ల బావురుమంది. బిడ్డ మాత్రం రొమ్ము వదల్లేదు.

సాయంత్రం తల్లులందరూ కలిసి పిన్నిని కిందికి దించారు. గుడ్డ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. మేడమీద దండెంపై ఆకుపచ్చ గుడ్డ, రెండు క్లిప్పుల మధ్య, కిటికీల వైపు ఎగురుతూనే ఉంది.