నూటికి ఐదు

మా వీధి మొదట్లో అప్పులిచ్చే ఆఫీసు తెరిచినప్పుడు, లోపలికెళ్ళిన ప్రతివాడికీ కుర్చీ వేశారు, చల్లటి నీళ్ళిచ్చారు. ఊరికే కుర్చీ వేసేవాణ్ణి నేను నమ్మను. చెప్పులు కుడుతూ ముప్పై ఏళ్ళుగా జనం కాళ్ళ దగ్గర కూర్చున్నవాణ్ణి, నాకెవడూ ఊరికే కుర్చీ వెయ్యలేదు.

గోడ మీద పెద్ద అక్షరాలు: వడ్డీ నూటికి ఇరవై నాలుగు.

"కుర్చీ అద్దె కూడా కలిపినట్టున్నాడు," అన్నాను మా ఆవిడతో.

ఆవిడకి కొత్త కుట్టు మిషను కావాలి. పాతది కుట్టుకోసారి దారం తెంపుతోంది. సైకిలు మీద తిరుగుతూ అప్పులిచ్చే చిల్లరమామ నూటికి ఐదే అన్నాడు. ఐదెక్కడ, ఇరవై నాలుగెక్కడ. వీధంతా మామ దగ్గరే తీసుకుంది, మేమూ తీసుకున్నాం. కొన్న మిషన్నే తాకట్టు రాసుకున్నాడు.

రెండు నెలలకి ఆఫీసువాళ్ళు ఇరవై నాలుగు కొట్టేసి పద్దెనిమిది రాశారు. అయినా ఒక్కడూ కదల్లేదు. అడక్కుండా ధర తగ్గిందంటే సరుకులో పురుగున్నట్టే.

ఏడో నెలలో ఆవిడకి జ్వరమొచ్చి రెండు వారాల వాయిదాలు తప్పాయి. చిల్లరమామ మిషను మీద చెయ్యేసి, "సోమవారం దాకా చూస్తానమ్మాయ్," అని నవ్వాడు.

శనివారం ఆఫీసు మేనేజరు తెగిన చెప్పుతో నా ముందుకొచ్చాడు.

"వడ్డీ తగ్గించినా మా దగ్గరికి ఎవరూ రారేం బాబాయ్?"

"మామ ఐదుకిస్తుంటే పద్దెనిమిదికి నీ దగ్గరికొస్తామా? చదువు లేదు గానీ లెక్క తెలుసు."

"ఆ ఐదు నెలకా, ఏడాదికా?"

"వడ్డీ అంటే నెలకే. ఏడాదికెవడు చెప్తాడు?"

"మేం చెప్తాం. గోడ మీద రాసింది ఏడాదికి."

సూది వేల్లో దిగింది. ఐదు పన్నెండ్లు అరవై.

"ఆ ముక్క రాయలేదేం?"

"రాశాం బాబాయ్, కింద."

వెళ్ళి చూశాను. రాశారు, చీమ తలకాయంత.

సోమవారం పొద్దున్నే ఆ కుర్చీలో కూర్చున్నాను. నీళ్ళు మాత్రం ముట్టలేదు. అప్పు కాగితం మీద 'ఏడాదికి' అని పెద్ద అక్షరాల్లో రాయించి, ముగ్గురి చేత చదివించి, అప్పుడు సంతకం పెట్టి, మామ బాకీకి సరిపడా తీసుకున్నాను.

మామ ఆ డబ్బు లెక్కపెట్టుకుని, తాకట్టు కాగితం చించి, సైకిలెక్కుతూ, "ముందే అడిగితే మూడుకిచ్చేవాణ్ణి కదా అల్లుడూ," అన్నాడు.

"పాపం, మూడుకే ఇచ్చేవాడట," అంది ఆవిడ మిషను ముందు కూర్చుంటూ.

"మూడు పన్నెండ్లు ముప్పై ఆరు."

ఆవిడ సూదిలో దారమెక్కిస్తూ తలెత్తలేదు.

"ఈ ఎక్కాన్ని ఏడు నెలలు ఎక్కడ దాచావయ్యా?"