చెవి మీది పత్తి నూగు

మొగుడి దగ్గర భరణం ఇప్పించమని పెళ్ళాం కోర్టుకెక్కడం అందరూ విన్నదే. మా సంసారంలో అది తిరగబడింది. విడాకులు కావాలని నేను కేసు వేస్తే, అది తేలేదాకా తన ఖర్చులకు నా జీతంలోంచి నెలనెలా ఇప్పించమని ధనుంజయ్ ఎదురు పిటిషన్ పెట్టాడు. సంపాదన లేకపోతే భర్తకూ ఆ హక్కు ఉందట. ఆరు నెలలుగా మరమగ్గం ముట్టలేదని ప్రమాణం చేసి మరీ రాసిచ్చాడు.

కోరుట్లలో మా అమ్మ శంకరవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "మొగోడు పెండ్లాన్ని పైసలడుగుడేందే రమా! సిగ్గుశరం ఉన్నదా?"

నాకు మాత్రం నవ్వు రాలేదు. జగిత్యాలలో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో నర్సును నేను. అద్దె, అమ్మ మందులు పోగా మిగిలేదే అంతంతమాత్రం. అందులో అతనికీ కోత పడితే కేసు నడపలేను. నడపలేకపోతే మళ్ళీ సిరిసిల్లలో అతనింటికే, అతని దెబ్బలకే. అతనికి కావలసిందీ అదే.

వాయిదా రోజు జగిత్యాల కోర్టు వరండాలో నిలబడ్డాను. మా వకీలు ఐశ్వర్య నాకంటే చిన్నది. "అక్కా, ఆయన పనికి పోతుండని చెప్పెటోళ్ళు ఒక్కలు దొరుకలే. జడ్జి గారు ఏమంటరో సూద్దాం" అని లోపలికి వెళ్ళింది.

అప్పుడే ధనుంజయ్ వచ్చాడు. మగ్గాల మోతలో బతికే మనిషికి మెల్లగా మాట్లాడటం చేతకాదు. నలుగురూ వింటారని నా చెవి దగ్గరికి వంగాడు.

"నువ్వు కేసు వాపస్ తీస్కో. నేను గూడ తీస్కుంట. ఇంటికి పోదాం పా."

అతని చెవి అంచున, కనుబొమ్మలో తెల్లటి పత్తి నూగు. రాత్రి మగ్గం పని దిగి, మొహమైనా కడుక్కోకుండా బస్సెక్కినట్టున్నాడు. ఆ సంగతి నా బుర్రకు ఎక్కేలోపే నా చెయ్యి లేచింది. ఇన్నేళ్ళూ అతన్ని గడప దగ్గర ఆపి, ఒళ్ళంతా దులిపి లోపలికి రానిచ్చిన చెయ్యి. చెవి మీది నూగు తీసింది, కనుబొమ్మ తుడిచింది.

ధనుంజయ్ నవ్వాడు. "సూసినవా, నువ్వేం మారలే."

నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపించింది. ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ చేజేతులా చెరిపేసుకున్నాను. ఇంతలో మా పేర్లు పిలిచారు. పిడికిలి బిగించుకునే లోపలికి వెళ్ళాను.

"ఎన్నాళ్ళుగా పని లేదు?" జడ్జి గారు అడిగారు.

"ఆర్నెల్లయితాంది సార్. సాంచెల మొకమే సూడలే!" ధనుంజయ్ గొంతు గదంతా మోగింది. సిరిసిల్లలో మరమగ్గాలను సాంచెలనే అంటారు.

ముందుకు జరిగి పిడికిలి విప్పాను. చెమటకు నూగు అరచేతికి అంటుకుపోయింది. "సార్, గిది ఇప్పుడే గీయన చెవి మీదికెల్లి తీసిన."

అతని వకీలు నవ్వాడు. "ఆమె నర్సు సార్. ఆసుపత్రి దూది అయ్యుంటుంది."

నిజమే, ఎవరు నమ్ముతారు? కానీ ధనుంజయ్ కోపం ఏనాడు నోట్లో ఆగింది కనక!

"నా చెవి మీదిది తీసి నన్నే ఇరికిస్తవా? ఇంట్ల లెక్క దులుపుతున్నవనుకున్న గదనే!"

అతని వకీలు తల పట్టుకున్నాడు. జడ్జి గారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "అయితే అది మీదేనన్నమాట. రాత్రి ఎక్కడున్నారు?"

ధనుంజయ్ చెయ్యి తన చెవి మీదికి పోయింది. మధ్యాహ్నానికి అతని పిటిషన్ కొట్టేశారు.

ఐశ్వర్య నా భుజం తట్టింది. నాకు సంతోషం రాలేదు. అసలు కేసు ఇంకా నడవాలి. మెట్ల దగ్గర ధనుంజయ్ దారికి అడ్డంగా నిలబడ్డాడు. చొక్కా కాలర్ మీద ఇంకా కాస్త నూగు ఉంది. నా కుడిచెయ్యి మళ్ళీ లేవబోయింది.

దాన్ని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని, పక్కనుంచి వెళ్ళి కోరుట్ల బస్సెక్కాను.