హాలు నడుమ గీటు

ఇంట్లో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నేల మీద నేరుగా గీటు పోతే అన్నదమ్ములు విడిపోతారని మా అమ్మ మునిలక్ష్మి నమ్మకం. మా నాన్నా చిన్నాన్నా వేరుపడిన ఏడాది పాత నేల అట్లాగే పగిలిందట. పోట్లాడింది నేల కాదని చెప్పి చూశాను. లాభం లేకపోయింది.

అందుకే హాలుకు టైల్స్ వేయించేటప్పుడు షరతు పెట్టింది. జాయింటు ఎక్కడా గోడ నుంచి గోడకు సాగకూడదు. టైలు కోయనూ కూడదు, కోస్తే అరిష్టం. హాలు పన్నెండడుగుల చదరం. టైలు నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. మేస్త్రీ ఓబులేసు పొద్దుటి నుంచి పరిచి, తీసి, మళ్ళీ పరిచి, చివరికి బీడీ తాగొస్తానని బయటికి పోయాడు.

నా తమ్ముడు చేతన్ బెళ్ళందూరులో ప్రోగ్రాములు రాస్తాడు. ఆఫీసు పక్కనే ఫ్లాటు చూసుకున్నాడు, వచ్చే నెల వేరు కాపురం. ఆ సంగతి నాతో చెప్పాడు కానీ అమ్మతో చెప్పలేదు. వాడు పోతాడంటే నాకు అన్నం సయించడం లేదు. గీటు రాని దారి వెతకమని అమ్మ వాడికే పురమాయించింది.

వాడు కంప్యూటరు ముందు కూర్చుని, ఆరువేల ఏడువందల ఇరవై ఎనిమిది రకాలుగా పరచవచ్చని తేల్చాడు. అన్నింట్లోనూ గీటు ఉందన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఇల్లు విడవడానికి లెక్కలను కూడా సాక్ష్యం తెచ్చుకున్నాడనుకున్నాను. వాడు నింపాదిగా విప్పి చెప్పాడు. రెండడుగులకొకటి చొప్పున గీటు పడగల చోట్లు అడ్డంగా అయిదు, నిలువుగా అయిదు. ఒక్కో గీటును ఆపాలంటే కనీసం రెండు టైల్స్ దాని మీద పడాలి; ఒక్కటే పడితే గీటుకు అటూ ఇటూ సగం టైలు చోటు మిగిలిపోతుంది, కోయక తప్పదు. ఒక టైలు ఒక్క గీటునే ఆపగలదు. అంటే ఇరవై కావాలి. హాలుకు పట్టేవి పద్దెనిమిదే.

"అన్నింటికంటే తక్కువ గీట్లుండేది ఏదప్పా?" అని అడిగింది అమ్మ.

ఒక్క గీటుతో పోయేది ఉందని, అది సరిగ్గా హాలు నడుమ వస్తుందని చెప్పాడు. అదే వేయమంది. ఓబులేసు బతికిపోయాడు.

నేల ఆరిన రోజు అమ్మ తన మంచం తెచ్చి ఆ గీటు మీదే, చేతన్ గదికీ వీధి తలుపుకీ నడుమ వేసుకుంది.

"ఫ్లాటు సంగతి నీ పెండ్లాము కావ్య ఎప్పుడో చెప్పిందప్పా" అంది వాడితో. "గీటు ఎట్లాగూ ఉండాది. దాటేవాడు నన్ను లేపి దాటల్ల."

చేతన్ పెట్టెలు సర్దే ఉన్నాయి. నెల దాటింది. అమ్మను మంచం మీద నుంచి లేపే మగాడు మా ఇంట్లో ఇంకా పుట్టలేదు.