ముందే మోగిన గట్టిమేళం

నేను ఒక డోలు కర్రను. మూరెడు కూడా ఉండను గానీ, రేపల్లె చుట్టుపక్కల నా మోత వినకుండా పెళ్ళయినవాళ్ళు తక్కువ. నా కథంతా వరసగా చెప్పాలనే ఉంది. కానీ ఈ ఏడాది జరిగింది తలచుకుంటే బుర్ర తిరిగిపోతోంది. నీకు బుర్ర ఎక్కడుందని అడగకండి, ఆ సంగతి నాకూ తెలియదు.

గంగరావి కొమ్మను చెక్కి నన్ను చేసింది మా డోలు విద్వాంసుడు కోటిలింగం తండ్రి. ఆయన పోయాక కోటిలింగం ఎడమచేతికి వచ్చాను. ముప్పై ఏళ్ళు ఆ చెయ్యి ఏమనుకుంటే నేను అదే చేశాను. మా పని చిన్నది కాదు. పురోహితుడు వేలెత్తగానే గట్టిమేళం మోగించాలి. అది వినగానే వరుడు తాళి కడతాడు, జనం అక్షింతలు వేస్తారు. మంత్రాలు ఎవరికీ అర్థం కావు, మమ్మల్నే నమ్ముకుంటారు పాపం.

మాఘమాసంలో ఒక పెళ్ళి. తాళిబొట్టు ఇంకా పళ్ళెంలో పెద్దల చేతుల మీదుగా తిరుగుతోంది. కోటిలింగం ఎడమచెయ్యి ఉన్నట్టుండి భుజం నుంచి విసిరేసినట్టు లేచింది. నాతో డోలు మీద ధనధనా బాదింది. వేలెత్తారనుకుని, సన్నాయి వాయించే అతని బావమరిది భీమేశ్వరం కూడా అందుకున్నాడు. ఇంకేముంది! అక్షింతలన్నీ కురిసిపోయాయి. వరుడు ఖాళీ చేతులతో లేచి నిలబడ్డాడు.

"ఏంది బావా, అప్పుడే ఎత్తావ్?"

"నేను కొట్టలేదురా!"

"మరి కొట్టిందెవరు?"

అందరూ నా వంక చూశారు. నేనే కొట్టానేమోనని నాకూ అనుమానం వచ్చింది.

తాగాడన్నారు కొందరు. గాలి సోకిందన్నారు ఇంకొందరు. భార్య సూరమ్మ దిష్టి తీసి నిమ్మకాయ కట్టింది, అదీ నాకు! చెయ్యి మాత్రం ఆగలేదు. అన్నం ముద్ద గోడకు కొట్టేది, మంచినీళ్ళ చెంబు ఎగరేసేది. విచిత్రమేమిటంటే, మధ్యాహ్నం కునుకు పట్టగానే అన్నీ సద్దుమణిగేవి.

"పడుకుంటే పసిబిడ్డలా ఉంటది, మెలకువొస్తే మళ్ళీ ఎగురుద్ది. ఇదేం చోద్యమమ్మా!" అనేది సూరమ్మ.

చివరికి గుంటూరులో డాక్టరు చెప్పాడు. మెదడులో బాగా లోతున, శనగగింజంత చోటికి రక్తం అందక దెబ్బతిందట. అక్కరలేని కదలికలను ఆపి ఉంచేది అదేనట. అది చెడ్డాక చెయ్యి తనంతట తనే లేస్తోందట. మాత్రలు రాసిచ్చాడు. ఎంత విన్నా నాకు సగమే ఎక్కింది. చెయ్యి కోటిలింగానిదే, లేపేది అతను కాదు. మరి నేనెవరి మాట వినాలి?

వైశాఖంలో కూతురు హైమ పెళ్ళి. ఆ పిల్ల పుట్టిన రోజు నుంచీ దాని గట్టిమేళం తానే కొట్టాలని కోటిలింగం ఆశ. ఇప్పుడేమో భయం.

"వద్దమ్మా, నీ పెళ్ళి నవ్వులపాలు చేస్తానేమో. ఇంకెవరైనా కొడతార్లే."

"నువ్వు కొట్టిందే నాకు ముహూర్తం నాన్నా. ముందు కొడితే ముందే కట్టించుకుంటా. ఆలస్యమైతే కూర్చునుంటా, పోయేదేముంది?" అంది హైమ.

ఆ మాటతో ఒప్పుకున్న కోటిలింగం, కన్యాదానం కాగానే వచ్చి డోలు ముందు కూర్చున్నాడు. మాత్రల గుణమో ఏమో, నాలుగు రోజులుగా చెయ్యి బుద్ధిగా ఉంది. పురోహితుడు వేలెత్తాడు.

చెయ్యి లేవలేదు.

నా ఒళ్ళంతా కోటిలింగం చెమటే. భీమేశ్వరం సన్నాయి పెదవులకు ఆనించుకుని చూస్తున్నాడు. వరుడు సూత్రం పట్టుకుని నిలబడ్డాడు. హైమ తల వంచుకుని, అన్న మాట ప్రకారం, కూర్చునే ఉంది. అక్కరలేనప్పుడు ఎగిరిన చెయ్యికి ఇప్పుడేమైంది? పురోహితుడు మళ్ళీ వేలెత్తాడు.

ఒక్కసారిగా చెయ్యి భుజం నుంచి లేచింది. నేను డోలు మీద పడ్డాను. గట్టిమేళం పందిరంతా మోగింది.

అక్షింతల వాన ఆగాక భీమేశ్వరం చెవిలో అడిగాడు. "నువ్వే ఎత్తావా బావా, అదే లేచిందా?"

కోటిలింగం తన చెయ్యిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. "తెలీదురా" అన్నాడు, ఏడుస్తూ నవ్వుతూ.

ఆ చేతిలో ఉన్న నాకే తెలియలేదు, మీకేం చెప్పను? తాళి మాత్రం సరిగ్గా హైమ మెడలో పడింది.