గుప్పిట్లో ముక్క

"ఈ బొమ్మ ఈ పిల్ల వేసింది కాదు."

శ్రీకృష్ణ ఆ మాట మైకులోనే అన్నాడు. బ్రాడీపేటలో ఆయన నడిపే డ్రాయింగ్ కోచింగ్ సెంటర్ హాలు నిండా పిల్లలు, తల్లిదండ్రులు. ముందు వరసలో ఏడో తరగతి మహిమ బిగుసుకుపోయి నిలబడింది. నల్లపాడు నుంచి ఆమెను ఆటోలో తీసుకొచ్చిన టీచర్ క్రిస్టీనా చివాలున లేచింది.

మహిమ తల్లి వీరమ్మ మిరపకాయల తొడిమలు తీసే పనికి పోయింది. పని దిగి నేరుగా ఇక్కడికే వస్తానంది. ఆమె వచ్చేసరికి బొమ్మ గోడ మీద ఉండాలి. మహిమకు కావాల్సింది అదొక్కటే.

"ఏం చూసి అంటున్నారండీ?" క్రిస్టీనా అడిగింది.

"ఈ వయసు పిల్లలు ఎట్లా వేస్తారో నాకు తెలీదా? అదిగో, చూడండి."

'మా ఊరు' పోటీకి పిల్లలు ఇళ్ల దగ్గర వేసి తెచ్చిన బొమ్మలు గోడ నిండా ఉన్నాయి. రెండు కొండలు, నడుమ సూర్యుడు, పక్కన కొబ్బరిచెట్టు. అన్నీ అవే. ఏ ఊళ్లో, ఏ వీధిలో నిలబడితే ఆ కొండలు కనిపిస్తాయో ఒక్కరూ అడగలేదు.

మహిమ బొమ్మలో కొండ లేదు. కల్లంలో ఆరబోసిన మిరపకాయలు, వాటి మధ్య కూర్చున్న వీరమ్మ. కాగితమంతా ఎరుపే. ఎండకు కమిలిన ఎరుపు, తడి ఆరని ఎరుపు, పక్కకు ఏరి పోసిన తాలుకాయల పాలిపోయిన ఎరుపు.

"ఒక్క ఎరుపులో ఇన్ని ఛాయలా? ఇది పెద్దవాళ్ల పని. టీచరమ్మే వేసుంటుంది."

క్రిస్టీనాకు ఒళ్లు మండింది. "నేను వేస్తే కోడికీ కాకికీ తేడా ఉండదండీ. నేను చేసిందల్లా పిల్లల చేత జిగ్‌సా పజిళ్లు ఆడించడమే."

ఎవరో కిసుక్కున నవ్వారు.

"నవ్వండి. మిర్చి సీజన్లో తల్లులు పనికి పోతే పిల్లలు సాయంత్రాలు మా ఇంట్లోనే ఉంటారు. కమీషన్ షాపుల వాళ్లు పంచే క్యాలెండర్లు అట్టకు అంటించి ముక్కలు కోసిస్తాను. అసలు బొమ్మ ముందు చూపించను. ఒక క్యాలెండర్ మీద మిరపకాయల రాశి తప్ప ఇంకేం లేదు. పిల్లలందరూ నన్ను తిట్టుకుని ఆ ముక్కలు విసిరికొట్టారు. ఇదొక్కతే వదల్లేదు. ఏ ఎరుపు పక్కన ఏ ఎరుపు వస్తుందో, నీడ పడితే రంగు ఎట్లా మారుతుందో ఆ ముక్కలు తిప్పితిప్పి నేర్చుకుంది."

"అట్టముక్కలతో ఆర్టు వస్తే మా సెంటర్లు మూసుకోవాల్సిందే."

"మూసుకోండి. ఎవరొద్దన్నారు?"

ఈసారి హాలంతా నవ్వింది. శ్రీకృష్ణ ముఖం కందగడ్డలా అయింది. విసురుగా మహిమ బొమ్మను గోడ నుంచి లాగాడు. అడ్డంగా చింపాడు. నిలువుగా చింపాడు. మళ్లీ చింపాడు.

"బొమ్మా లేదు, గొడవా లేదు."

ముక్కలు నేల మీద చెదిరాయి.

మహిమ ఏడవలేదు. మోకాళ్ల మీద కూర్చుంది. ముందు అంచుల ముక్కలు ఏరి నాలుగు మూలలూ పేర్చింది. తర్వాత లోపలివి. అన్నీ ఎరుపు ముక్కలే, అయినా చెయ్యి తడబడలేదు. చివరికి వీరమ్మ మోకాలి పక్కన ఒక ఖాళీ మిగిలింది.

"సార్, ఒక ముక్క మీ చేతిలో ఉంది."

శ్రీకృష్ణ చూసుకున్నాడు. నిజమే. కానీ ఇవ్వలేదు, గుప్పిట బిగించాడు. "నీ బొమ్మేగా? ఇది లేకుండా పూర్తి చెయ్యి, చూస్తాం."

"మిగతా పిల్లలకు లేని పరీక్ష మా పిల్లకెందుకండీ?" క్రిస్టీనా ముందుకొచ్చింది. "వాళ్ల చేతా ఆ కొండలు మళ్లీ వేయించండి! లే మహిమా, పోదాం."

"నా బొమ్మ, టీచర్. వదిలేసి రాను."

పక్క వరసలోని నసీమున్నీసా తన కూతురి రంగుల డబ్బా, ఒక తెల్లకాగితం తెచ్చి మహిమ ముందు పెట్టింది. "వెయ్యి తల్లీ. మా పిల్లవీ కొండలే. నేనే దగ్గరుండి వేయించా."

మహిమ కాగితాన్ని ఖాళీకి సరిపడా చింపింది. లేత ఎరుపు తీసింది, పక్కన పెట్టేసింది. ముదురు ఎరుపు పూసి, దాని మీద గోధుమరంగు రుద్దింది.

"చూశారా!" శ్రీకృష్ణ అరిచాడు. "చుట్టూ మెరిసే కాయలు, మధ్యలో మసి! ఏముందో తెలిస్తేగా!"

"అక్కడ ఎండ పడదు సార్. మా అమ్మ నీడ పడుద్ది."

"గుప్పిట తెరవండి సార్," అంది నసీమున్నీసా.

ఆయన తెరవలేదు.

"తెరవండి!" వెనక వరసలు లేచాయి.

వేళ్లు విచ్చుకున్నాయి. నలిగిన ముక్క. ముదురు ఎరుపు, దాని మీద గోధుమరంగు.

శ్రీకృష్ణ మైకు ఆపాడు. "సరే... ఫస్ట్ ప్రైజ్ పాపకే. ఇదే బొమ్మ ఇంకోటి వేసిస్తే ఫ్రేము కట్టించి పెడతాను."

"ఇంకోటి వెయ్యదు," అంది క్రిస్టీనా. "ఇదే అట్టకు అంటించి తగిలించండి. చిరుగులు కనపడాలి."

ఆయన నలిగిన ముక్క చాపాడు. మహిమ దాన్ని తీసుకోలేదు. తను వేసిన ముక్కను ఖాళీలో పెట్టి, బల్ల మీది జిగురు సీసా అందుకుని మూత తిప్పింది.

"సాయంత్రం మా అమ్మ వస్తుంది సార్. ఎవరు చింపారని అడిగితే మీరే చెప్పండి."