తొమ్మిది అంగుళాల పలక

మా వీధిలో ముందు తలుపు మూడు పనులకే తెరుస్తారు. పెళ్ళికూతురు బయటికి వెళ్ళడానికి, డాక్టరు లోపలికి రావడానికి, శవపేటిక బయటికి వెళ్ళడానికి. మిగతా బతుకంతా వెనక తలుపులోనే గడుస్తుంది. ముందు తలుపు ఎవరైనా తట్టారంటే వాళ్ళు రావెన్‌డెన్ ఊరివాళ్ళు కాదని అర్థం.

అందుకే కిందటి సెప్టెంబరు దాకా మా ముందు తలుపు ఎంత వెడల్పో ఇంట్లో ఎవరికీ పట్టలేదు. ఆ నెలలో మా నాన్న విల్ఫ్ బారక్లఫ్‌కి పక్షవాతం వచ్చి ఎడమ కాలూ ఎడమ చెయ్యీ పడిపోయాయి. ఆస్పత్రి నుంచి చక్రాల కుర్చీలో వచ్చాడు. మాది కొండవాలు ఊరు. మా వీధి చాపెల్ రోలో ఇళ్ళన్నీ ముందు వైపు రోడ్డుకి సమంగా ఉంటాయి, వెనక పెరట్లోకి తొమ్మిది రాతి మెట్లు దిగాలి. కుర్చీ వెనక నుంచి దిగదు, ముందు నుంచి పట్టదు. ఆంబులెన్సు వాళ్ళు కుర్చీ మడిచి, నాన్నని చెరో చంకా పట్టుకుని, బీరువాని తిప్పినట్టు పక్కకి తిప్పి లోపల పెట్టి వెళ్ళారు. ఆ తర్వాత నెలల తరబడి ఆయన బయటి గాలి పీల్చలేదు.

నాన్న అడిగింది ఒక్కటే. మా వీధి చివర పచ్చిక మైదానం ఉంది. దానిమీద చెక్క బంతులు దొర్లించే ఆట నాన్న యాభై ఏళ్ళు ఆడాడు. ఇక ఆడలేనని ఆయనకి తెలుసు. ఏప్రిల్ మొదటి బుధవారం మధ్యాహ్నం ముసలివాళ్ళ ఆటలు మొదలవుతాయి. ఆ వేళకి గట్టున కూర్చుని, ఆడేవాళ్ళని నోరారా తిట్టాలి. అంతే.

ఇందులో కష్టమేముంది? రాతి గుమ్మం ముప్పై ఎనిమిది అంగుళాలుంది. తలుపు రెక్క ఇరవై తొమ్మిదే. మిగిలిన తొమ్మిది అంగుళాల్లో ఒక చెక్క పలక నిలువునా బిగించి ఉంది. ఆ పలక తీసేసి గుమ్మం నిండా వెడల్పాటి కొత్త చెక్క తలుపు పెడితే కుర్చీ హాయిగా వెళ్తుంది. ప్లాస్టిక్ తలుపు కాదు, చెక్కదే, అదే ఆకుపచ్చ రంగు. అయితే మా వీధి పాత కట్టడాల పరిరక్షణ ప్రాంతంలో ఉంది. ముందు వైపు మేకు కొట్టాలన్నా కౌన్సిల్ అనుమతి కావాలి.

"నువ్వు చదువుకున్నావుగా, నువ్వే రాయి," అన్నాడు నాన్న.

మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటిదాన్ని నేను. దానివల్ల నాకు దక్కిన ఆస్తి ఇదే: ఇంటికొచ్చే ప్రతి ఫారం నాది. లీడ్స్‌లో స్కూల్లో భూగోళం చెబుతాను, శని ఆదివారాలు ఇంటికొస్తాను. అక్టోబరులో రెండు వారాంతాలు కూర్చుని ఫారాలు నింపాను, బొమ్మలు గీశాను, తలుపు ఎందుకు మార్చాలో నాలుగు పేజీలు రాశాను. మూడు వారాలకి మొత్తం తిరిగొచ్చింది. ఇంటి పటంలో ఉత్తర దిక్కు చూపించే బాణం గుర్తు లేదట.

"భూగోళం టీచరమ్మా!" అని పక్కింటి డోరీన్ అత్త కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "పిల్లలకి చెప్పకు తల్లీ, పరువు పోతుంది."

బాణం గీసి మళ్ళీ పంపాను. డిసెంబరులో పరిరక్షణ అధికారి టారంట్ చూడ్డానికి వచ్చాడు. సన్నని మనిషి, మర్యాదస్తుడు. ముందు తలుపు తట్టాడు.

"ఎవడో దారి తప్పినట్టున్నాడు, వెనక్కి రమ్మను!" అని లోపల్నుంచి నాన్న అరిచాడు.

టారంట్ లోపలికి రాలేదు. వీధిలోనే నిలబడి తలుపుని వంగి, లేచి, వెనక్కి నడిచి చూశాడు. పక్కన పలకని వేళ్ళతో నిమిరాడు. "ఎంత అరుదైన పనితనమండీ! తలుపు ఒక పక్కకి జరిగి, రెండో పక్క ఈ నిలువు పలక. ఇలాంటివి వీధిలో మూడు ఇళ్ళకున్నాయి, గమనించారా? ఇది ఇక్కడి వడ్రంగుల సంప్రదాయం అయ్యుండాలి."

"ఈ మనిషి ఏడు నెలల... కాదు, మూడు నెలల నుంచి బయటికి రాలేదండీ," అన్నాను, కోపంలో లెక్క తప్పి.

"నేను తలుపు గురించే చెప్పగలను మిస్ బారక్లఫ్," అన్నాడు జాలిగా.

నేను నాన్న వైపు చూశాను. నలభై ఏళ్ళు వడ్రంగం చేసిన మనిషి, తలుపుల గురించి ఎవరేం మాట్లాడినా పది తప్పులు పట్టే మనిషి, మొహం ఎర్రగా చేసుకుని ఒళ్ళోని దుప్పటి చూసుకుంటున్నాడు. ఒంట్లో బాలేదేమో అనుకున్నాను.

ఫిబ్రవరిలో నివేదిక వచ్చింది. అనుమతి ఇవ్వవద్దని కౌన్సిల్ కమిటీకి టారంట్ సిఫారసు. 'బహుశా పందొమ్మిదో శతాబ్దం చివరి నాటి ఈ తలుపూ, దాని పక్క పలకా ఈ వీధి స్వభావానికి ప్రాణం వంటివి' అని రాశారు. దరఖాస్తుదారు వెనక ద్వారాన్ని వాడుకునే అవకాశాన్ని పరిశీలించవచ్చట. తొమ్మిది మెట్లు! ఆ వాక్యం రాసినవాడు మా పెరడు మొహం చూడలేదు. పదకొండు పేజీల కాగితంలో తలుపు ముప్పైసార్లు ఉంది, మనిషి రెండుసార్లున్నాడు, రెండుసార్లూ 'దరఖాస్తుదారు'గానే.

నేను దాన్ని పైకి చదివాను. "ప్రాణమట నాన్నా! చెక్కకి ప్రాణం ఉందట! నీకు లేదన్నమాట!"

డోరీన్ అత్త టీ కప్పు బల్లమీద ఠక్కున పెట్టింది. "వాణ్ణి ఆ మెట్లమీద కుర్చీలో కూర్చోబెట్టి తోస్తే సరి."

నాన్న ఒళ్ళోని దుప్పటి సవరించుకున్నాడు. ఆ తర్వాత, "అమ్మడూ, స్టూలు తెచ్చుకో," అన్నాడు. "ముందు తలుపు తెరిచి, రెక్క పై అంచు తుడిచి చూడు."

స్టూలెక్కాను. వేలెడు దుమ్ము. తడిగుడ్డతో తుడిస్తే దాని కింద వడ్రంగి పెన్సిల్ రాత. నాన్న చేతిరాతే, ఇంకా కుర్రతనంతో వంకర్లు పోయి ఉంది.

'డబ్ల్యూ. బారక్లఫ్. ఆగస్టు 1974. వెనక గుమ్మం కొలత తీసి ముందు గుమ్మానికి తలుపు చేశాను. నా అంత వెధవ లేడు.'

నేను స్టూలు మీదే నిలబడి మూడుసార్లు చదివాను.

"ఎప్పుడూ వెనక నుంచే కదా నడిచేది," అన్నాడు నాన్న గోడకేసి చూస్తూ. "కొలబద్ద తీసుకుని, ఆలోచించకుండా ఎప్పుడూ వెళ్ళే గుమ్మం దగ్గరికే వెళ్ళాను. వడ్రంగి షాపులో రెండు వారాలు చెక్కాను. తెచ్చి నిలబెడితే పక్కన తొమ్మిది అంగుళాల ఖాళీ. మీ అమ్మ కడుపుతో ఉంది, మీ అన్న పుట్టబోతున్నాడు, వేరే చెక్క కొనే తాహతు లేదు. మిగిలిన ముక్కల్తో ఆ పలక చేసి బిగించాను. ఎవరడిగినా, ఇదే కొత్త పద్ధతి అని చెప్పాను."

"అమ్మకి కూడా చెప్పలేదా?"

"మీ అమ్మకి అసలే చెప్పలేదు."

డోరీన్ అత్త లేచి నిలబడింది. "ఆగు విల్ఫ్. మా ఆయన ఆర్నాల్డ్ ఆ పలక చూసి మోజుపడి, మాకూ అలాంటిదే కావాలని రెండు నెలలు నీ వెంట తిరిగాడు!"

"తిరిగాడు."

"నువ్వు చేసిచ్చావు!"

"ఏం చెప్పమంటావు డోరీన్? చెయ్యనంటే ఎందుకని అడుగుతాడు. ఆ తర్వాత పద్నాలుగో నంబరు వాళ్ళూ అడిగారు."

"యాభై ఏళ్ళు! మా సోఫాని కిటికీ ఊడదీసి లోపల పెట్టాం విల్ఫ్ బారక్లఫ్! పియానో కొనాలని ఉండి మానుకున్నాను! నీ తప్పు కొలతకి మా ఇంటి గుమ్మం కూడా చిక్కిపోవాలా?" ఆమె నిజంగానే కోపంగా ఉంది. పిసరంత సేపటికి ఆ కోపంలోంచే నవ్వు తన్నుకొచ్చింది. "ఇక్కడి వడ్రంగుల సంప్రదాయమట!"

నాన్న నవ్వలేదు. నాకు అప్పుడు అర్థమైంది. ఈ రాత ఫొటో తీసి కమిటీలో చూపిస్తే మా కేసు నిలబడుతుంది. దాంతోపాటు, ఊళ్ళో సగం కిటికీలూ మెట్లూ చేసిన విల్ఫ్ బారక్లఫ్ తన ఇంటి గుమ్మమే తప్పు కొలిచాడని ఊరంతటికీ తెలుస్తుంది.

"నీకు ఇష్టం లేకపోతే చెప్పను నాన్నా."

ఆయన కిటికీలోంచి వీధి చివరికి చూశాడు. అక్కణ్ణుంచి పచ్చిక కనబడదు. దాని చుట్టూ ఉన్న కంచె కొస మాత్రం కనబడుతుంది.

"చెప్పు," అన్నాడు. "వెధవ అన్న మాటతో సహా చెప్పు."

మార్చిలో టౌన్‌హాల్లో కమిటీ కూర్చుంది. దరఖాస్తు తరఫున మాట్లాడేవాళ్ళకి మూడు నిమిషాలు. ఎదురుగా చిన్న దీపం పచ్చగా ఉంటుంది, టైమైతే ఎర్రగా మారుతుంది. నేను ఫొటో చూపించాను, రాత చదివాను. వెధవ అన్న చోట ఇద్దరు సభ్యులు నోళ్ళకి చేతులడ్డం పెట్టుకున్నారు. పచ్చదీపం ఉండగానే ముగించాను. స్కూలు గంటతో బతికేదాన్ని, నాకు టైము తప్పదు.

టారంట్ లేచి గొంతు సవరించుకున్నాడు. "కాలం విషయంలో నివేదిక సవరించాల్సి ఉంటుంది. అయితే ఎవరు, ఎప్పుడు చేశారన్నది ముఖ్యం కాదు. మూడు ఇళ్ళకి వ్యాపించి, యాభై ఏళ్ళు నిలిచి, ఆ పలక ఇప్పుడు వీధి స్వభావంలో భాగమైంది. పైగా 1974 నాటికే ఆ వీధి పరిరక్షణ కిందికి వచ్చి ఉంది కాబట్టి, ఆ తలుపుకి అప్పట్లో అనుమతి తీసుకున్నారా అన్నది కూడా చూడవలసి ఉంటుంది."

నా చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి. పాతదైతే పాతది కాబట్టి తీయకూడదు. పాతది కాకపోతే అసలు పెట్టినందుకే తప్పు. ఎటు తిరిగినా మా నాన్న ఇంట్లోనే ఉండాలి!

అధ్యక్షుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "దరఖాస్తుదారు స్వయంగా వచ్చి ఉంటే మాకు ఇంకాస్త అవగాహన కలిగేది."

నా మూడు నిమిషాలూ అయిపోయాయి. దీపం ఎప్పుడో ఎర్రబడింది. అయినా లేచాను.

"ఆయన ఆ తలుపులోంచి బయటికి రాలేరండీ. గంట నుంచి మనం మాట్లాడుకుంటున్నది దాని గురించే."

అధ్యక్షుడు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత సభ్యులు గుసగుసలాడుకుని, స్థలం చూశాక నిర్ణయిస్తామని వాయిదా వేశారు. చూసే రోజు ఏప్రిల్ మొదటి బుధవారం, మధ్యాహ్నం రెండు గంటలకి.

ఆటలు మొదలయ్యేది కూడా ఆ రోజే, రెండున్నరకి.

ఈస్టర్ సెలవులు కాబట్టి ఆ పొద్దున ఇంట్లోనే ఉన్నాను. నాన్న గడ్డం గీసుకుని, ఆటకి వేసుకునే టోపీ పెట్టుకుని, నా చేతికి స్క్రూడ్రైవర్ ఇచ్చాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి చూసిన పసుపు పిడి స్క్రూడ్రైవర్.

"ఆ పలకా, దాని పక్కన తలుపు ఆనే చెక్క కమ్మీ కలిపి ఒకటే ముక్క. లోపలి వైపు ఆరు స్క్రూలు. రంగు గీకితే కనబడతాయి."

"ఆరు స్క్రూలేనా? అది ముందే ఎందుకు చెప్పలేదు నాన్నా?"

"విప్పితే అది అతుకని వీధంతా చూసేది," అన్నాడు. "ఇప్పుడు అందరికీ తెలుసుగా. ఇంక దాచేదేముంది?"

నేను స్క్రూడ్రైవర్ పట్టుకుని నిలబడిపోయాను. నా జన్మలో లైబ్రరీ పుస్తకం ఒక్కరోజు ఆలస్యంగా ఇవ్వలేదు. "అనుమతి లేకుండా తీస్తే తప్పు నాన్నా. వాళ్ళు వస్తున్నది దాన్ని చూడ్డానికే. ఆ కోపంతో కాదంటే?"

"అమ్మడూ, నీ మాట విని ఏడు నెలలు కూర్చున్నాను. ఫారాలు వేశావు, బాణం గీశావు, మర్యాదగా అడిగావు. నువ్వు చెయ్యాల్సిందంతా చేశావు. మార్చమనట్లేదు నేను. విప్పి, మళ్ళీ బిగించమంటున్నాను. చేసినవాడు తన తలుపుకి స్క్రూలు విప్పి బిగించుకోడానికి కూడా కమిటీ వెయ్యాలా?"

రంగు గీకాను. మొదటి స్క్రూ కదలడానికి పావుగంట పట్టింది. డోరీన్ అత్త నూనె డబ్బా తెచ్చి, "ఇది అయ్యాక మా ఇంటికి కూడా రా తల్లీ," అంది. ఆరోది వచ్చేసరికి నా అరచెయ్యి బొబ్బలెక్కింది. ఇద్దరం కలిసి పలకని పక్కకి జరిపాం. యాభై ఏళ్ళుగా లేని వెలుతురు నడవలో పడింది.

రెండు గంటలకి అయిదుగురు సభ్యులూ, టారంట్ వచ్చారు. అధ్యక్షుడు తట్టడానికి చెయ్యెత్తాడు కానీ తలుపు తెరిచే ఉంది. పలక బయట గోడకి ఆనించి ఉంది. గడప మీద అడ్డంగా చెక్క వేసి ఉంది.

"ఇదేమిటి?" అన్నాడు టారంట్. పాలిపోయాడు.

"నూనె పెడుతున్నాం," అన్నాను.

నాన్న కుర్చీ తోశాను. రెండు పక్కలా నాలుగేసి అంగుళాల ఖాళీ. చక్రాలు చెక్క మీద దడదడలాడి వీధిలోకి దిగాయి. ఎండ మొహాన పడగానే ఆయన కళ్ళు మూసుకున్నాడు. గాలి చల్లగా ఉంది. టోపీ కిందికి లాక్కున్నాడు. తర్వాత కళ్ళు తెరిచి, గోడ మీంచి జారిపోతున్న పలకనీ, దాని పక్కనే నిలబడ్డ టారంట్‌నీ చూశాడు.

"అబ్బాయ్, కాస్త దాన్ని పట్టుకో. పడిపోగలదు. జాగ్రత్త, చారిత్రకమైనది."

టారంట్ రెండు చేతులా పట్టుకున్నాడు. ఇంకేం చేస్తాడు?

"మిస్టర్ బారక్లఫ్, మేం మిమ్మల్ని కొన్ని ప్రశ్నలు..." అన్నాడు అధ్యక్షుడు.

"రండి. నాతోపాటు నడుస్తూ అడగండి. నాకు ఆలస్యమవుతోంది."

ఇద్దరు సభ్యులు మాతో వచ్చారు. ముగ్గురు తలుపు దగ్గరే ఉండిపోయి కొలతలు వేసుకున్నారు. గట్టు మీద నాన్న సరిగ్గా రెండున్నరకి కూర్చున్నాడు. మొదటి బంతి దొర్లగానే, "నీ చేతులకి కీళ్ళున్నాయా, కర్రలున్నాయా?" అని అరిచాడు. మైదానం మీద ముసలివాళ్ళంతా ఆట ఆపి ఇటు తిరిగారు. "వచ్చాడ్రోయ్!" అన్నాడొకడు. "ఏం విల్ఫ్, దారి కొలుచుకుని వచ్చావా?" అన్నాడు ఇంకొకడు. నవ్వులు పచ్చిక అంతా పాకాయి. నాన్న చెవులు ఎర్రబడ్డాయి. అయినా కదల్లేదు. చీకటి పడేదాకా కూర్చున్నాడు.

కమిటీ ఇంకా నిర్ణయం చెప్పలేదు. వచ్చే నెల సమావేశంలో చూస్తారట. ఆ సాయంత్రం ఇంటికొచ్చాక పలక నిలబెట్టి ఆరు స్క్రూలూ మళ్ళీ బిగించాను, మట్టం కూడా చూసుకున్నాను. వచ్చే బుధవారం మళ్ళీ విప్పుతాను. సెలవులయ్యాక ఆ పని డోరీన్ అత్తది. పసుపు పిడి స్క్రూడ్రైవర్ని నడవలో మేకుకి తగిలించాం, కుర్చీలోంచి కూడా అందేటంత ఎత్తులో.