ముందు, తర్వాత

"ముందు బొమ్మకి నువ్వే కూర్చో. మచ్చ ఇంట్లోనే ఉండగా ఊరంతా వెతుక్కోవడమెందుకూ?" అన్నాడు భర్త, కంచం ముందుకి జరుపుతూ.

ఆమె చేతిలో గరిటె ఒక్క క్షణం గాల్లో ఆగింది. తర్వాత మామూలుగానే కూర వడ్డించింది. ఆయన మటుకు ఉప్పు సరిపోయిందనో, నీళ్ళు పెట్టమనో చెప్పినంత తేలిగ్గా అనేసి తినడం మొదలుపెట్టాడు. అక్కడ తప్పుపట్టడానికేం లేదు మరి, ఆయన లెక్కలో.

వాళ్ళది ఫోటో స్టూడియో. కింద షాపు, పైన కాపురం. ఈమధ్యే షాపుకి కొత్త షోకేసు కట్టించాడు. వీధిలో పోయేవాళ్ళకి కనబడేలా రెండు పెద్ద ఫ్రేములు, ఒకదాని కింద 'ముందు', ఇంకోదాని కింద 'తర్వాత' అని మెరిసే అక్షరాలు. టచప్ చెయ్యకముందు మొహం ఇదీ, మా దగ్గర చేయించుకున్నాక ఇదీ అని జనానికి చూపించాలి. 'తర్వాత'లోకి భార్య పెళ్ళినాటి ఫోటోకి పెద్ద కాపీ తీసిపెట్టాడు. 'ముందు'లోకి ఆవిడదే ఇప్పటి మొహం కావాలట. "మచ్చా పోతుంది, వయసూ తగ్గుతుంది. ఒక్క దెబ్బకి రెండు పిట్టలు," అని తనే మురిసిపోయాడు. "నేను పొరుగూరి పెళ్ళి కవరేజీ చూసుకుని వచ్చేసరికి ఎలాగోలా ఒకటి తీసి, రెండూ బిగించేసెయ్. మచ్చ బాగా కనబడాలి సుమా!"

ఆ మచ్చ ఆమెతో పాటే పుట్టింది. ఎడమ కణత దగ్గర మొదలై దవడ దాకా, టీ ఒలికినట్టు ఉంటుంది. తీరా చూస్తే అరచెయ్యంత కూడా లేదు, బతుకంతా దాని చుట్టూనే తిరిగింది. బస్సెక్కితే ఎడమపక్క కిటికీ సీటే కావాలి. పడుకుంటే ఎడమ చెంప దిండుకే ఆనాలి. షాపులో కుర్చీ కూడా ఎడంపక్క గోడ వచ్చేలా వేసుకుంది.

పెళ్ళి ఫోటో మామగారే తీశారు. "కొంచెం అటు తిరగమ్మా," అన్నారు. ఆ ఇంట్లో ఆవిడ విన్న మొదటి మాట అదే. తిరిగింది. అయినా అంచు కనబడిందని పెద్దాయన నెగటివ్ మీద పెన్సిలు పెట్టి శుభ్రంగా పూడ్చేశారు. ఆ ఫోటో హాల్లోకెక్కింది. చుట్టాలొస్తే అత్తగారు గోడకేసి చెయ్యి చూపించి "మా కోడలు" అనేది. అసలు కోడలు టీ కప్పుల ట్రేతో పక్కనే నిలబడి ఉండేది. "ఏమాటకామాటే, నాకైతే ఫోటోలో పిల్లే నచ్చింది," అనేది అత్తగారు సరదాకి. అందరూ నవ్వేవాళ్ళు. ట్రే పట్టుకున్నావిడా నవ్వేది. నవ్వకపోతే మొహం మాడ్చుకుందంటారు కదా! ఆ అత్తా పోయింది, మామా పోయాడు. ఫోటో మాత్రం అక్కడే ఉంది, దాని మీద దుమ్ము తుడిచే పని ఈవిడకే ఉంది.

మామగారు పోయాక టచప్ పని కూడా ఈవిడ నెత్తిన పడింది. వంటయ్యాక ఖాళీయే కదా అన్నారు. భర్త ఫోటో తీసి చేతులు దులుపుకుంటాడు, ఈవిడ కంప్యూటరు ముందు కూర్చుని జనం మొహాలు తోముతుంది. కళ్ళ కింద నలుపు తియ్యి, మొటిమ తియ్యి, ముడత తియ్యి, రంగు పెంచు. పైన కుక్కరు కూతేస్తే పరిగెత్తు, మళ్ళీ దిగొచ్చి ఇంకో మొహం తోము. ఎవరైనా "టచప్ ఎవరు చేస్తారండీ, భలే ఉంది!" అంటే, "మా దగ్గరే చేస్తాం. మా ఆవిడ కూడా ఖాళీగా ఉంటే కాస్త సాయం పడుతుంది," అంటాడు. ఖాళీగా ఉండటమంటే ఎలా ఉంటుందో ఆ మహాతల్లికి ఇంతవరకూ తెలీదు.

ఆవిడకి ఇద్దరు స్నేహితురాళ్ళు. ఒకావిడ నర్సు, ఒకావిడ టైలరు. ఎప్పుడు చూసినా మొహం అటు తిప్పుకునుంటుందని వాళ్ళు పెట్టిన పేరు అటమ్మ. పిలిచేది వాళ్ళే, పిలిస్తే మనసుకి హాయిగా ఉండేదీ ఆ పిలుపే. మనమూ అలాగే పిలుద్దాం.

భర్త ఊరెళ్ళిన మధ్యాహ్నం ఇద్దరూ ఊడిపడ్డారు. నర్సుకి ఆస్పత్రి కార్డు మీదకి కొత్త ఫోటో కావాలి. టైలరుకి తన షాపు బోర్డు మీద వేయించుకోవాలని సరదా.

"మీ ఆయన లేడని తెలిసే వచ్చాం. ఆయన తీస్తే మెడ పట్టేసేదాకా తిప్పుతాడు," అంది నర్సు, స్టూలు మీద చతికిలబడి.

అటమ్మ కెమెరా చేతిలోకి తీసుకుంది. కన్ను పెట్టిందో లేదో నోటికి అదే మాట వచ్చింది. "కొంచెం అటు."

"ఎందుకే?"

"గడ్డం కింద కొంచెం..."

"రెండో గడ్డం కనబడుతోందా? కనబడనీ. రాత్రి డ్యూటీలు చేసి, దొరికింది తిని, కష్టపడి పెంచుకున్నాను. మొహం నాది, నాకు లేని బాధ నీకేంటి? కందకి లేని దురద కత్తిపీటకెందుకే!"

ముగ్గురూ పడీపడీ నవ్వారు. ఆ నవ్వులోనే నొక్కేసింది అటమ్మ. నర్సు ఫోటో నర్సులాగే వచ్చింది. టైలరు మాత్రం చెప్పిన మాట వింది పాపం, అటు తిరగమంటే అటు, ఇటు తిరగమంటే ఇటు. తీసేసి, వాళ్ళు పైకెళ్ళి టీ పెట్టుకొచ్చేలోపు అటమ్మ కంప్యూటరు ముందు కూర్చుంది. చెయ్యి అలవాటుకొద్దీ నడిచిపోయింది. సూది పనికి చికిలించి చికిలించి కళ్ళ పక్కన పడ్డ గీతలు పోయాయి. కళ్ళజోడు నొక్కిన గుర్తు పోయింది. గడ్డం మధ్యలో నీడలా ఉన్నది కూడా పోయింది.

టైలరు టీ గ్లాసు పక్కన పెట్టి, తెరకేసి వంగి చూసింది.

"బావుంది," అంది. కళ్ళజోడు సర్దుకుని, "ఎవరావిడ?" అంది.

అటమ్మ వేళాకోళమనుకుని నవ్వబోయింది. టైలరు నవ్వడం లేదు. తన గడ్డం తడుముకుంటోంది.

"ఇక్కడ సొట్ట ఉండాలి కదే. మా అమ్మ గడ్డం నాది. అమ్మ ఫోటో మా ఇంట్లో ఒక్కటి కూడా లేదు, తీయించుకున్న పాపాన పోలేదు. చూడాలనిపించినప్పుడు అద్దంలో ఈ సొట్ట చూసుకుంటాను." కోపంగా కూడా అనలేదు. "అమ్మని తీసేశావే," అంది, అంతే.

అటమ్మకి తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ళలో ఎన్ని సొట్టలు పూడ్చిందో, అందులో ఎవరి అమ్మలు, ఎవరి నాన్నలు ఉన్నారో! చేసినదంతా వెనక్కి తీసుకుంటూ పోయింది. గీతలొచ్చాయి. కళ్ళజోడు నొక్కిన గుర్తు వచ్చింది. చివరికి సొట్ట కూడా వచ్చి గడ్డం మధ్యలో కూర్చుంది.

"హమ్మయ్య, వచ్చావటే తల్లీ," అంది టైలరు, తెరమీద గడ్డాన్ని వేలితో తాకి.

అప్పుడు చెప్పేసింది అటమ్మ, షోకేసు సంగతి. నెమ్మదిగా, ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పింది. నర్సు మొహం ఎర్రబడింది. "ఎద్దు పుండు కాకికి ముద్దని ఊరికే అన్నారా! నీ మచ్చ పెట్టి బేరాలు లాగుతాడా? నువ్వేమన్నావు?"

"ఏమంటాను? కూర వడ్డించాను."

టైలరు కెమెరా తీసుకుంది. "ఇది ఎక్కడ నొక్కాలో చెప్పు. నువ్వెళ్ళి కూర్చో."

"వద్దులే."

"తియ్యమని ఆయనే చెప్పాడుగా. కూర్చోవే."

కూర్చుంది. కూర్చోగానే మొహం దానంతటదే అటు తిరిగింది.

"ఇటు," అంది టైలరు.

కొంచెం తిరిగింది.

"ఇంకా ఇటు. నాకేసి చూడు. నేనే కదే, పరాయిదాన్నా?"

తిరిగింది. పూర్తిగా తిరిగేసరికి మెడలో ఎక్కడో ఏదో కలుక్కుమంది, ఆ తర్వాత ప్రాణం తేలికపడింది. ఇన్నేళ్ళూ మెడ నొప్పి పుడుతోందని అప్పుడు తెలిసింది. దీపం వెలుగు ఎడమ చెంప మీద వెచ్చగా పడింది. ఏడుపొచ్చింది. ఏడవలేదు, అంత ఓపిక లేదు. ఉత్తినే చూస్తూ కూర్చుంది. టైలరు నొక్కేసింది.

వాళ్ళిద్దరూ వెళ్ళాక ఆ ఫోటో తెరమీదకి తెచ్చుకుంది. కాస్త వంకరగా వచ్చింది, తలపైన ఖాళీ ఎక్కువుంది. మచ్చ ఉన్నది ఉన్నట్టుంది. చెయ్యి మళ్ళీ అలవాటుకొద్దీ దానిమీదకే పోయింది. పోయి, అక్కడ ఆగింది. ఎవరు ఈవిడ? కళ్ళ కింద నల్లగా, పెదాలు ఎండిపోయి, పొద్దుటినుంచీ నిలబడే ఉన్నట్టు. అందంగా ఉందా అంటే, ఏమో. కానీ ఆ ఇంట్లో టీ ట్రే పట్టుకు నిలబడ్డది ఈవిడే. మెట్లెక్కి దిగింది ఈవిడే. మామగారికి మంచంలో అన్నం కలిపి పెట్టింది ఈవిడే. గోడమీద పిల్ల ఏనాడైనా ఒక కప్పు కడిగిందా? అయినా ఫోటో ఆ పిల్లకే ఉంది, ఈవిడకి ఒక్కటీ లేదు. మొదట జాలేసింది. జాలేసి, చూస్తూ చూస్తూ ఉండగా ఇష్టంగా కూడా అనిపించింది. టైలరుకి ఆ సొట్ట మీద ఉన్నంత ఇష్టం కాదు. ఇంకా అంత దూరం రాలేదు. ఎదురుపడితే మొహం తిప్పుకోకుండా పలకరించేటంత.

వంకర కూడా సరిచెయ్యకుండా పెద్ద సైజులో ప్రింటు తీసింది. షోకేసు తలుపు తీసి, రెండు ఫ్రేములూ బిగించి, తాళం వేసింది. తాళంచెవి తన సంచిలో వేసుకుంది. కుర్చీని గోడ పక్కనుంచి లాగి, గుమ్మానికెదురుగా వేసుకుంది.

భర్త మర్నాడు సాయంత్రం కెమెరా సంచులతో దిగాడు. వీధిలోంచి షోకేసు కేసి చూసి, అక్కడే నిలబడిపోయాడు. 'ముందు' అన్న అక్షరాల మీద పెళ్ళికూతురు, మచ్చ లేకుండా, మొహం అటు తిప్పుకుని. 'తర్వాత' అన్న అక్షరాల మీద ఆయన భార్య, నేరుగా ఆయనకేసే చూస్తూ.

విసురుగా లోపలికొచ్చాడు. "తారుమారు చేసి చచ్చావేంటి? చూసినవాళ్ళు నవ్వరూ? ఇన్నాళ్ళబట్టీ షాపులో ఉండి, ఏది ముందో ఏది తర్వాతో కూడా తెలీదా నీకు?"

అటమ్మ మొహం అటు తిప్పుకోలేదు.

"ఎందుకు తెలీదండీ," అంది. "ముందు ఆ పిల్ల ఉండేది. తర్వాత నేనొచ్చాను."